పూడిక తీయడానికి ఎవరొస్తారమ్మా?

నన్ను ఎవరైనా "ఆఫ్రికాలో ఎన్నాళ్ళు పనిచేశారండీ?" అని భక్తిగా అడిగితే ఒళ్ళు మండుతుంది. నేను పనిచేసింది న్యూజెర్సీలోని పిస్కాటవేలో. పళ్ళ డాక్టరు క్లినిక్ పైన, కిటికీ తెరిస్తే పార్కింగ్ లాట్ తప్ప ఇంకేమీ కనిపించని ఆఫీసులో. ఆఫ్రికాలో చిత్తడి నేలల్ని నమ్ముకుని బతికే జనం, మారిపోయిన వానల్నీ వరదల్నీ తట్టుకోవడానికి తమ ఊళ్ళలో తామే కొన్ని పనులు చేసుకుంటారు. వాటికి సాయం చెయ్యడం మా సంస్థ పని. ఇదే మాట మా వెబ్‌సైట్‌లో ఊపిరాడనంత పొడుగ్గా ఉండేది. నేను ఆ నేల మీద నడిచింది అప్పుడప్పుడూ మాత్రమే. మిగతా కాలమంతా మీటింగుల్లో కూర్చున్నాను.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ మధ్య మన పిల్లలు కొందరు ఐటీ ఉద్యోగాల మీద విసుగు పుట్టి, ఇలాంటి సంస్థల్లో చేరతామంటూ నా దగ్గరికి వస్తున్నారు. "ఆంటీ, మీ జర్నీ షేర్ చేయండి," అంటారు. నా జర్నీ అంటే ఏముంది, రోజూ హైవే మీద ట్రాఫిక్. అది వదిలేసి ఒక్క కాలువ సంగతి చెబుతాను. చెప్పేటప్పుడు మధ్యమధ్యలో విసుక్కుంటాను. ఈ వయసులో విసుగు దాచుకునే ఓపిక లేదు, సర్దుకోండి.

నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్. న్యూజెర్సీలో వాననీటి కాలువలు డిజైన్ చేసే కంపెనీలో చాలా ఏళ్ళు చేసి, పిల్లలు కాలేజీలకు వెళ్ళాక ఈ చిన్న సంస్థకు మారాను. మా డైరెక్టరు అమెరికన్, అంతకుముందు బ్యాంకులో పనిచేసిన మనిషి. ఎంత జరిగినా ఆయనకు కోపం రాదు. అందరూ అది గొప్ప గుణం అనేవారు. నాకు మాత్రం, కోపం రావాల్సిన చోట కూడా రాని మనిషితో పనిచెయ్యడం నరకంగా ఉండేది.

ఇక ఆ కాలువ. అది ఏ దేశమో చెప్పను, చెబితే అక్కడి మనుషులెవరో తెలిసిపోతుంది. ఒక పెద్ద నది పక్కన కనుచూపు మేర గడ్డి మైదానం. ఏటా నది పొంగి దాన్ని ముంచుతుంది, కొన్నాళ్ళకు వెనక్కి తీస్తుంది. తీసేటప్పుడు ఒండ్రు, చేపలు, పచ్చిగడ్డి వదిలి వెళుతుంది. అక్కడి జనం ఆ రాకపోకల్ని బట్టే బతుకుతారు. నీళ్ళు వేళకు బయటికి పోవడానికి వాళ్ళ తాతలు కాలువలు తవ్వారు. ఇప్పుడు వానలు ఆలస్యంగా వస్తున్నాయి, వచ్చాక ఒక్కసారిగా కుమ్మరిస్తున్నాయి. కాలువలేమో పూడిపోయాయి. వచ్చిన నీళ్ళు పోక, తోటల్లో కందమూలాలు కుళ్ళిపోతున్నాయి.

జనం కూర్చుని మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చారు: పెద్ద కాలువ పూడిక తీసుకుందాం, దాని గట్ల మీద రెల్లు ఉంచుదాం, చేపలు గుడ్లు పెట్టే నెలల్లో వలలు వెయ్యకుండా ఉందాం. ఇంతే. కన్సల్టెంట్లు రాలేదు, కంప్యూటర్ మోడల్స్ లేవు. వాళ్ళు మమ్మల్ని అడిగింది ఒకే ఒక్క సాయం. కాలువ ఎక్కువ భాగం మెత్తటి ఒండ్రు, పారలతో వాళ్ళే తీసుకుంటారు. దిగువ చివర మాత్రం బంకమట్టి బండబారి, చెట్ల వేళ్ళు అల్లుకుపోయి ఉంది. అక్కడ మనుషుల చేతులు చాలవు, పొక్లెయిన్ కావాలి. అది దూరంగా ఉన్న పట్నం నుంచి బల్లకట్టు మీద రావాలి. వానలకు ముందే రావాలి, తర్వాత వస్తే ఆ నేలలో దిగబడిపోతుంది. పైగా దిగువన ముందు తీసి ఆ తర్వాతే పైకి రావాలి. పైన తీసి దిగువన వదిలేస్తే, పై నీళ్ళన్నీ పరుగెత్తుకొచ్చి ఆ అడ్డు దగ్గర ఆగుతాయి. సరిగ్గా ఆ అడ్డు పక్కనే ఒక చిన్న ఊరుంది.

ఆ కాలువ కమిటీకి అధ్యక్షురాలు ఒక రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. పొడుగాటి మనిషి, ఇంగ్లీషు కోసినట్టు మాట్లాడుతుంది. ఎదుటివాళ్ళు సోది చెబుతుంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం ఆవిడ అలవాటు. వీడియో కాల్స్‌లో మా డైరెక్టరు మాట్లాడినంతసేపూ తుడుచుకుంటూనే ఉండేది. నన్ను సిస్టర్ అని పిలిచేది. కాలువ చివర ఉన్న ఊళ్ళో ఉండేది ఆవిడ సొంత అక్క.

ఇంత చిన్న సాయానికి ఇంత కథ ఎందుకయిందంటే, మా డైరెక్టరు ఒక తెలుగువాళ్ళ పెళ్ళికి వెళ్ళొచ్చాడు. వెళ్ళొచ్చిన మర్నాడు నన్ను పిలిచి, "మీ వాళ్ళు చాలా ఉదారంగా ఖర్చు పెడతారు కదా! మన కాలువకు మీ కమ్యూనిటీని అడిగితే?" అన్నాడు. ఆ పెళ్ళి ఖర్చు చూసి ఆయన మనసులో ఏ లెక్కలు వేసుకున్నాడో నాకు తెలుసు. సరేనని మన తెలుగు సంఘం ఒకదాని ప్రెసిడెంటుని కలిశాను. అదే నా కొంప ముంచింది.

ప్రెసిడెంటుగారు గుండె డాక్టరు. పెద్దాయన, రిటైరయ్యాక జెర్సీ సిటీలో కూతురి దగ్గరికి మారారు. పదహారో అంతస్తులో నది కనిపించే హాల్లో కూర్చోబెట్టి, వాళ్ళావిడ చేత పెసరట్లు వేయించి, నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. ఎవరికి కష్టమన్నా చెయ్యి వెనక్కి తీయని మనిషి. ఈ లోకంలో నన్ను ఎక్కువ ఏడిపించినవాళ్ళందరూ మంచి మనుషులే.

"అంతా బాగుందమ్మా," అన్నారు కళ్ళు తెరిచి. "కానీ పూడిక తీయడానికి ఎవరొస్తారమ్మా? ఫండ్‌రైజర్ పెట్టి, 'అయ్యా, మట్టి తీస్తున్నాం, చెక్కు రాయండి' అంటే ఎవడు రాస్తాడు? తీశాక ఫొటోలో ఏం కనపడుద్ది? గుంట."

"గుంట కాదండీ, కాలువ."

"ఏదైనా గుంటే కదా. నేనొకటి చెప్తా విను. మాది కొల్లేరు అంచు. మా నాన్న హయాంలో అక్కడ ఏవుండేది? తుంగ, దోమలు. చేపల చెరువులు తవ్వాం. ఇవాళ్టికీ ఏడాదికి రెండు పట్టుబళ్ళు. మీ మేడం ఊళ్ళో కూడా అదే చేద్దాం. గట్లేసి, చేప సీడ్ వదిలి, ట్రైనింగ్ ఇద్దాం. గట్టు మీద బోర్డు పెడదాం. అది చూపిస్తే మనవాళ్ళు పరిగెత్తుకొస్తారు."

చెరువుల గట్లు ఎక్కడ వేస్తారో ఫోన్లో మ్యాప్ మీద వేలితో గీసి చూపించారు. కాలువ నీళ్ళు బయటికి పోయే దారి మీదే.

"డాక్టరుగారూ, అక్కడ చేపల్ని నదే తెస్తుందండీ. గట్లు వేస్తే నీళ్ళు పోవు, కింద ఊరు మునుగుతుంది."

"తూములు పెడతాం కదమ్మాయ్. నువ్వు చిన్నపిల్లవి, నీకు తెలీదు."

నాకప్పటికి మోకాళ్ళ నొప్పులు, మనవరాలు ఉన్నాయి. అయినా ఆయన దృష్టిలో చిన్నపిల్లనే. వాళ్ళావిడ పెసరట్టు మీద ఇంకో పెసరట్టు వేసి లోపలికి వెళ్ళిపోయారు.

ఆఫీసుకి వచ్చి డైరెక్టరుకి విడమరిచి చెప్పాను. ఆయన చిరునవ్వు నవ్వి, "రెండూ చేద్దాం. చెరువులు వాళ్ళకి ఆసక్తి, కాలువ వీళ్ళకి అవసరం. విన్ విన్," అన్నాడు. ఒకటి చేస్తే రెండోది చచ్చిపోతుందని బొమ్మ గీసి చూపిస్తే, బొమ్మ బాగుందన్నాడు. నేను బయటికి వచ్చేలోపే సంఘంతో ఒప్పందం రాసుకున్నారు. ప్రాజెక్టు పేరు చేపల చెరువులు. కాలువ అన్న మాట అందులో ఒక మూల ఉంది.

నాకున్న ఆశ ఒక్కటే. ఏదో సదస్సుకి కాలువ కమిటీ అధ్యక్షురాలు న్యూయార్క్ వస్తోంది. ఫండ్‌రైజర్‌లో ఆవిడ చేత మాట్లాడిస్తే, సంఘం వాళ్ళు ఆవిడ నోట వింటే, అప్పుడైనా మనసు మారుతుందేమోనని. డైరెక్టరు ఒప్పుకున్నాడు. సంఘం వాళ్ళూ, "తప్పకుండా! చీఫ్ గెస్ట్‌గా పిలుద్దాం," అన్నారు. చీఫ్ గెస్ట్ అన్న మాట విన్నప్పుడే నాకు భయం వెయ్యాల్సింది.

ఆదివారం మధ్యాహ్నం, బాంక్వెట్ హాలు. సాయంత్రం అదే హాలులో ఎవరిదో పుట్టినరోజు పార్టీ ఉందని, నాలుగింటికల్లా ఖాళీ చెయ్యాలని మేనేజరు ముందే చెప్పాడు. మన ఫంక్షన్ల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మొదలవడమే గంట ఆలస్యం. ఎవరో రావాలి, ఎవరి కోసమో తెలియదు. జ్యోతి వెలిగిస్తే ఫైర్ అలారం మోగుతుందని మేనేజరు ఆపాడు. బ్యాటరీ దీపానికి అందరూ కలిసి స్విచ్ నొక్కారు. ఆ తర్వాత పిల్లల డాన్సులు. ఒక పాప పాట మధ్యలో ఆగిపోతే మళ్ళీ మొదటి నుంచి పెట్టారు. ఆ పైన సంఘం వ్యవస్థాపకులకు సన్మానం, హాలు డెకరేషన్ చేసినవాళ్ళకు సన్మానం, వంట చేయించినవాళ్ళకు సన్మానం. ఒక్కొక్కరికీ శాలువా, మెమెంటో, ఫొటో. ఫొటోకి కళ్ళు మూశారని మళ్ళీ ఫొటో.

మా ఆఫీసులో ప్రచారం పనులు చూసే అమ్మాయి ఆ రోజు యాంకరు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. నేను స్టేజి పక్కకి వెళ్ళి, "ఆవిడకి మైకు ఇవ్వవే తల్లీ," అని మూడోసారి బతిమాలాను.

"ఆంటీ, నువ్వు స్ట్రెస్ అవ్వద్దు. నేను ట్రై చేస్తున్నా. కానీ వాళ్ళు స్లిప్స్ పంపిస్తూ ఉన్నారు, ఇంకా ఇంకా నేమ్స్," అంది ఆ పిల్ల. చేతిలో నిజంగానే గుప్పెడు చీటీలున్నాయి.

డాక్టరుగారు చేపల చెరువుల స్లైడ్లు చూపించారు. పట్టుబడి రోజున వల నిండా ఎగిరే చేపలు, గట్టు మీద కొబ్బరిచెట్లు. జనం చప్పట్లు కొట్టారు. చివరికి మా అతిథిని స్టేజి మీదకు పిలిచి, మెడలో గజమాల వేసి, శాలువా కప్పి, పెద్ద నటరాజ విగ్రహం చేతిలో పెట్టారు. "ఇప్పుడు మేడంగారు మాట్లాడతారు," అనేసరికి హాలు మేనేజరు నాలుగయిందని లైట్లు వేశాడు. ఆవిడ మైకు ముందుకు వచ్చి, "థాంక్యూ. మా ఊరి కాలువ..." అనగానే మైకు ఆపేశారు. అవతల పుట్టినరోజు వాళ్ళ బెలూన్లు లోపలికి వచ్చేస్తున్నాయి. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఆ రోజు మేం ఇచ్చింది ఆ విగ్రహం ఒక్కటే.

మనవాళ్ళకి ఇంకో అలవాటుంది. హాలులో తేలనివన్నీ పార్కింగ్ లాట్‌లో తేలతాయి. వెళ్ళొస్తాం అని చెప్పుకున్నాక అసలు మాటలు మొదలవుతాయి. ఆ రోజూ అంతే. కార్ల డిక్కీలు తెరిచి, మిగిలిన పులిహోర, వంకాయ కూర డబ్బాల్లో సర్దుతున్నారు. గరిట పట్టుకుని వడ్డిస్తున్నది డాక్టరుగారి భార్య. మా అతిథి గజమాల తీసి నా కారు మీద పెట్టి, ఆవిడ పక్కనే నిలబడింది. డాక్టరుగారు వీడ్కోలు చెప్పడానికి వచ్చారు.

"మేడం, నెక్స్ట్ ఇయర్ ఓపెనింగ్‌కి నేనే వస్తా," అన్నారు ఇంగ్లీషులో, నిండు సంతోషంతో.

ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకోలేదు. "గట్లు ఎక్కడ వేస్తారో చూపించండి," అంది.

ఆయన కారు బానెట్ మీద ఫోను పెట్టి గీత గీశారు. ఆవిడ వంగి చూసి, గీత కింద వేలు పెట్టింది. "మా అక్క ఇల్లు ఇక్కడ. మైదానం నీళ్ళన్నీ దీని పక్కనుంచే బయటికి పోతాయి. మీరు గట్టు వేశాక ఎక్కడికి పోవాలి?"

"నో ప్రాబ్లమ్ మేడం. వి విల్ పుట్ పైప్స్."

పక్కనుంచి తెలుగులో ఒక మాట వినిపించింది. "మన చెరువులకీ తూములు పెట్టారుగా."

డాక్టరుగారి భార్య. చేతిలో గరిట అలాగే ఉంది.

"నువ్వుండు," అన్నారాయన.

"ముప్ఫై ఏళ్ళ పైనే ఉన్నానండీ," అన్నారావిడ. గొంతు పెంచలేదు. నా వైపు తిరిగి చెప్పసాగారు. "మా పుట్టిల్లు కొల్లేట్లో ఒక లంక ఊరమ్మా. నా పెళ్ళయిన మరుసటేడు పెద్ద వాన. పై నీళ్ళన్నీ వచ్చి వీళ్ళ గట్లకి ఆనుకుని నిలబడిపోయినయ్. తూములుండేయి, ఎందుకుండవు? చేపపిల్ల పోద్దని మూసేశారు. మా నాన్న మంచం మీద మంచం వేసుకుని దాని మీద కూర్చున్నాడు. గట్టుకి గండి కొడితే మా ఊళ్ళో నీళ్ళు దిగిపోతయ్. కొట్టనిస్తేగా? కర్రలేసుకుని కాపలా కాశారు. మా మావగారు, మా మరుదులు. వాళ్ళకి క్యారేజీలు కట్టి పంపింది నేనే. కొత్త కోడల్ని, ఏమంటాను?"

చుట్టూ డబ్బాలు సర్దుతున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి.

"ఇప్పుడవన్నీ ఎందుకే?" అన్నారు డాక్టరుగారు, చాలా నెమ్మదిగా.

"ఇప్పుడు గాక ఎప్పుడండీ? ఈవిడ అక్కనీ మంచం ఎక్కిస్తారా?"

మా అతిథికి భాష తెలియదు. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ డాక్టరుగారి భార్య చేతిలో గరిట తీసి ట్రేలో పెట్టి, ఆ చెయ్యి అలా పట్టుకుని ఉండిపోయింది. డాక్టరుగారు వెళ్ళి తన కారులో కూర్చున్నారు. కోపంతో వెళ్ళిపోతారనుకున్నాను. ఇంజన్ ఆన్ చెయ్యలేదు. చాలాసేపటికి కిటికీ అద్దం దిగింది.

"అమ్మాయ్, ఆ పొక్లెయిన్ ఎప్పటికి కావాలన్నావు?"

ఇక్కడితో ఆపేస్తే ఇది ఎంత మంచి కథ! మీరు చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళేవారు. నేనూ ఆ రోజు ఇంటికి వెళ్ళి, మా అతిథికి వేడిగా చారన్నం పెట్టి, ఇద్దరం నవ్వుకుంటూ తిన్నాం. మర్నాడు ఆవిడని విమానం ఎక్కించాను. వానలకు ఇంకా బోలెడంత సమయం ఉంది.

ఆ సమయాన్ని మనవాళ్ళు ఎలా తిన్నారో వినండి. ఒప్పందంలో ఉన్నది చెరువులు. దాన్ని కాలువగా మార్చాలంటే సంఘం కార్యవర్గం ఒప్పుకోవాలి. ఉపాధ్యక్షుడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. ఆయన జూమ్‌లో, "పార్కింగ్ లాట్‌లో తీసుకున్న డెసిషన్ వాలిడ్ ఎలా అవుతుందండీ? బైలాస్ ఉన్నాయి కదా," అన్నాడు. ఆయనకు కాలువ మీద కోపమేమీ లేదు. ఆ ఏడు సంఘం ఎన్నికలు, ఆయన ప్రెసిడెంటు పదవికి పోటీ. ప్రెసిడెంటు భార్య మాట విని ప్రాజెక్టు మార్చేశాడని వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దాని కింద బొటనవేళ్ళు, దణ్ణాలు, నవ్వు బొమ్మలు. వెంటనే ఇంకో గ్రూపు పుట్టింది. జనరల్ బాడీలో ఓటింగ్ పెట్టాలన్నారు. జనరల్ బాడీకి నోటీసు వ్యవధి ఉండాలన్నారు. మధ్యలో దసరా వచ్చింది, బతుకమ్మ హాలు బుకింగ్ మీద ఇంకో గొడవ.

డాక్టరుగారు నిజంగా కొట్టుకులాడారు. అది కూడా చెప్పాలి. విసిగిపోయి, మొత్తం తనే ఇస్తానని చెక్కు పుస్తకం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. మా డైరెక్టరు ఆయనకి కాఫీ ఇచ్చి, "ఒప్పందం అమల్లో ఉండగా అదే ప్రాజెక్టుకి వ్యక్తిగత విరాళం తీసుకోవచ్చా అని లాయర్‌ని అడుగుతాను," అన్నాడు. అడిగాడు కూడా. లాయరు సెలవులో ఉన్నాడు. నేను సొంతంగా డబ్బు పంపుతానంటే, అక్కడి పొక్లెయిన్ వాళ్ళు సంస్థ కాంట్రాక్టు లేకుండా బల్లకట్టు ఎక్కించమన్నారు. ఆ రోజు నేను డైరెక్టరు గదిలో అరిచిన అరుపు కింద పళ్ళ డాక్టరు దాకా వినిపించిందట. డైరెక్టరు ఓపిగ్గా విని, "మీ అంకితభావం నాకు చాలా ఇష్టం," అన్నాడు.

నేను ప్రతి వారం ఆవిడకు ఫోను చేసి, "వచ్చే వారం," అని చెప్పేదాన్ని. మొదట్లో ఆవిడ, "సరే సిస్టర్," అనేది. తర్వాత తర్వాత అదీ అనలేదు. "ఇక్కడ మేఘాలు వచ్చాయి," అనేది.

సంఘం ఆమోదం వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. భారీ మెజారిటీతో కాలువ గెలిచింది. గ్రూపులో టపాకాయల బొమ్మలు పేలాయి, ఉపాధ్యక్షుడు కూడా అభినందనలు పెట్టాడు. నేను వెంటనే ఆవిడకు ఫోను చేశాను.

"మంచిది," అంది ఆవిడ. వెనక వాన చప్పుడు. "మేం తవ్వేశాం."

"ఏం తవ్వారు?"

"పై భాగమంతా. ఇంక ఆగలేకపోయాం. తవ్వకపోతే అన్ని ఊళ్ళ తోటలూ ఈ ఏడు కూడా పోతాయి. తవ్వితే దిగువ ఊరు పోతుంది. కమిటీలో రెండు రోజులు మాట్లాడుకున్నాం. ఎవరూ నా మొహం చూడలేదు. చివరికి మా అక్కే లేచి, తవ్వండి అంది. ముందు వాళ్ళ ఊరు ఖాళీ చేయించాం. మేకలు, తలుపులు, ఇంటి కర్రలు మోసుకుని మిట్ట మీదకు వెళ్ళారు. తర్వాత పారలు పట్టాం."

"అందరూ క్షేమమేనా?" అన్నాను.

"క్షేమమే. తోటలు బతికాయి. ఆ ఊరు లేదు."

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఫోను పెట్టేసి చూస్తే, వేడుకకి కేకు తెప్పించామని డైరెక్టరు మెయిల్ పెట్టాడు. నేను కారెక్కి ఇంటికి వచ్చేశాను.

మరుసటి ఎండాకాలం పొక్లెయిన్ వెళ్ళింది. దిగువ చివర తవ్వారు, చాలా చక్కగా తవ్వారు, ఇంజనీరుగా నేను వంక పెట్టలేను. ఇప్పుడు ఏటా నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి. మిట్ట మీదకు వెళ్ళినవాళ్ళు మాత్రం తిరిగి రాలేదు. ఒకసారి కర్రలు పీక్కుని మోసుకెళ్ళాక మళ్ళీ కిందికి మొయ్యడానికి ఎవరికీ మనసొప్పలేదని ఆవిడ చెప్పింది. ఏ ఊరిని కాపాడటానికని ఆ మిషన్ అడిగారో, ఆ ఊరు లేని చోట అది కాలువ తవ్వి వెళ్ళిపోయింది.

సంఘం వార్షిక సంచికకి అట్ట మీద ఆ కాలువ దిగువ చివర తీసిన ఫొటోయే వేశారు. నీళ్ళు, రెల్లు, మీద తెల్లటి కొంగలు. అందులో ఆ గెలుపు మీద ఒక వ్యాసం రాయమని నన్నే అడిగారు. రాయనన్నాను. అదే మా సంస్థలో నేను కాదన్న చివరి పని, ఆ తర్వాత కొన్నాళ్ళకే రిటైరయ్యాను. సంచిక మాత్రం నా చేతే డాక్టరుగారింటికి పంపారు.

డాక్టరుగారు అట్ట చూసి, "ఫొటో బాగా వచ్చిందమ్మాయ్," అంటూ గర్వంగా భార్యకు ఇచ్చారు. ఆవిడ కిటికీ దగ్గర వెలుతురులోకి తీసుకెళ్ళి చాలాసేపు చూశారు.

"ఈ పక్కన ఇళ్ళుండాలి కదమ్మా?" అన్నారు.

"ఉండేవండీ," అన్నాను.